కుటుంబ సమూహ సమావేశం

కుటుంబ సమూహ సమావేశం అనగా ఆపదలో ఉన్న ఒక బిడ్డ సంరక్షణ గురించి ఆ బిడ్డ తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనమామలు, పిన్నులు మొదలైన బంధువులందరూ ఒకచోట చేరి నిర్ణయం తీసుకొనే చట్టబద్ధమైన విధానం. ఇది 1989లో న్యూజీలాండ్‌లో చట్టరూపం దాల్చినది. తరువాత ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడా, అమెరికా, స్వీడన్, నెదర్లాండ్స్ మొదలైన దేశాలకు వ్యాపించినది. బిడ్డను ఎక్కడ ఉంచాలో అధికారులు నిర్ణయించి కుటుంబానికి తెలియజేయడం పాత పద్ధతి. కుటుంబం నిర్ణయించి అధికారుల సమ్మతి పొందడం ఈ పద్ధతిలోని ముఖ్యమైన మార్పు. సమావేశం మధ్యలో అధికారులందరూ గది విడిచి బయటకు వెళ్ళడం దీని ప్రత్యేక లక్షణం.

నేపథ్యం

న్యూజీలాండ్ మూలవాసులైన మావోరీల సమాజంలో బిడ్డ కేవలం తల్లిదండ్రులకు మాత్రమే చెందినది కాదు. విస్తృత కుటుంబాన్ని వారు ఫానౌ అంటారు. కొన్ని ఫానౌలు కలిస్తే హపూ, కొన్ని హపూలు కలిస్తే ఈవీ అనే తెగ ఏర్పడుతుంది. బిడ్డ పెంపకం ఈ మూడింటి ఉమ్మడి బాధ్యత. బంధువుల ఇంట బిడ్డను పెంచే ఆచారాన్ని ఫాంగై అంటారు. ఇందులో బిడ్డకు కన్నవారెవరో తెలిసే ఉంటుంది, రాకపోకలు సాగుతూనే ఉంటాయి. అమ్మమ్మగారి ఇంటనో, పెదనాన్నగారి ఇంటనో పెరిగిన పిల్లలు మన ప్రాంతంలోనూ చాలామంది ఉన్నారు కనుక ఈ ఆచారం తెలుగువారికి సులభంగానే అర్థమవుతుంది.

ఇరవయ్యవ శతాబ్దం మధ్య నుండి మావోరీ కుటుంబాలు పల్లెలు విడిచి పెద్దయెత్తున పట్టణాలకు వలస వెళ్ళినవి. బంధుబలగం దూరమైనది. పేదరికం, ఇరుకు ఇళ్ళు, మద్యపానం వంటి కారణాలు చూపి సంక్షేమ శాఖ అనేకమంది పిల్లలను ఇళ్ళ నుండి తీసుకొని ప్రభుత్వ వసతిగృహాలలోనూ, పరిచయం లేని కుటుంబాలలోనూ ఉంచినది. మావోరీ పిల్లలు జనాభాలో తమ వాటాకు మించిన సంఖ్యలో ఈ వసతిగృహాలకు చేరారు. తమ భాషను, తెగను, తోబుట్టువులను కోల్పోయినవారు ఎందరో. బంధువుల అభిప్రాయం అడగాలన్న నియమం 1974 నాటి బాలల, యువజనుల చట్టంలో లేదు.

ఈ పరిస్థితిపై మావోరీ సంఘాల నుండి నిరసనలు పెరిగినవి. పిల్లలను వసతిగృహాల నుండి బంధువుల వద్దకు చేర్చే ఉద్దేశంతో 1983లో మాతువా ఫాంగై అనే కార్యక్రమం ప్రారంభమైనది. ఆ తరువాత సాంఘిక సంక్షేమ మంత్రి ఆన్ హెర్కస్ ఒక సలహా సంఘాన్ని నియమించారు. తూహోయె తెగకు చెందిన పెద్ద జాన్ రంగిహావు దానికి అధ్యక్షుడు. సంఘ సభ్యులు దేశమంతటా తిరిగి, మరాయ్ అని పిలువబడే సభాస్థలాలలో ప్రజలతో ముఖాముఖి మాట్లాడారు. 1986లో వెలువడిన వారి నివేదిక పేరు పువావో తే అటా తూ. దీనికి తెల్లవారుజాము అని అర్థం. సంక్షేమ శాఖ పనితీరులోనే జాతివివక్ష పాతుకొని ఉన్నదని ఆ నివేదిక నిర్మొహమాటంగా పేర్కొన్నది. బిడ్డ విషయంలో నిర్ణయాధికారం ఫానౌ, హపూ, ఈవీలకు తిరిగి దక్కాలని సూచించినది.

1989 చట్టం

బాలలు, యువజనులు, వారి కుటుంబాల చట్టం 1989 నవంబరు 1న అమలులోకి వచ్చినది. 2017లో దీని పేరు ఒరాంగ తమరికి చట్టంగా మారినది. మావోరీ భాషలో ఒరాంగ అనగా క్షేమం, తమరికి అనగా పిల్లలు. ఈ చట్టం మావోరీలకు మాత్రమే కాక దేశంలోని పిల్లలందరికీ వర్తిస్తుంది.

చట్టంలోని ముఖ్యమైన అంశాలు ఇవి:

* బిడ్డకు సంరక్షణ అవసరమని సామాజిక కార్యకర్త లేదా పోలీసు అధికారి భావించినచో, విషయాన్ని సమన్వయకర్తకు నివేదించాలి. సమన్వయకర్త కుటుంబ సమావేశం ఏర్పాటు చేయాలి.
* బిడ్డకు సంరక్షణ అవసరమని ప్రకటించడానికి ముందు కుటుంబ సమావేశం జరిగి ఉండాలి. లేనిచో సాధారణంగా న్యాయస్థానం ఆ ప్రకటన చేయరాదు. అత్యవసర పరిస్థితులలో తాత్కాలిక ఉత్తర్వులకు వీలున్నది.
* సమావేశం ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరితో జరగాలనే విషయంలో సమన్వయకర్త కుటుంబాన్ని సంప్రదించాలి.
* కుటుంబం తీసుకొన్న నిర్ణయాన్ని ప్రభుత్వ శాఖ అమలు చేయాలి. ఆ నిర్ణయం ఆచరణ సాధ్యం కానప్పుడు లేదా చట్ట సూత్రాలకు స్పష్టంగా విరుద్ధమైనప్పుడు మాత్రమే నిరాకరించవచ్చు.
* సమావేశంలో వెల్లడైన మాటలను కోర్టులో సాక్ష్యంగా వాడరాదు. సమావేశ వివరాలను ప్రచురించరాదు.

కుటుంబాన్ని బలపరచాలనే కోరికలో బిడ్డ భద్రత వెనుకపడుతున్నదని తొలి సంవత్సరాలలోనే విమర్శ వచ్చినది. 1992లో ఒక సమీక్షా సంఘం దీనిని పరిశీలించినది. 1994 సవరణ ద్వారా బిడ్డ సంక్షేమమే సర్వోన్నతమని చట్టంలో స్పష్టంగా చేర్చారు.

సమావేశం జరిగే తీరు

సన్నాహం. సమావేశం విజయానికి సగం కారణం సన్నాహమే. సమన్వయకర్త బిడ్డ బంధువులు ఎక్కడెక్కడ ఉన్నారో వెదకి, ఒక్కొక్కరినీ కలిసి విషయం వివరిస్తాడు. తండ్రి వైపువారు, తల్లి వైపువారు ఇరువురూ రావడం ముఖ్యం. రాలేనివారి అభిప్రాయాన్ని ముందుగా తెలుసుకొని సభలో వినిపించాలి. ఎవరైనా వచ్చుట వలన బిడ్డకు హాని కలుగునని భావిస్తే, ఆ వ్యక్తిని రావద్దని చెప్పే అధికారం సమన్వయకర్తకు ఉన్నది.

సమాచారం తెలుపుట. సభ తరచుగా ప్రార్థనతో గానీ, కుటుంబ ఆచారం ప్రకారం గానీ మొదలవుతుంది. సామాజిక కార్యకర్త బిడ్డ విషయంలో తన ఆందోళన ఏమిటో చెబుతాడు. అవసరమైనచో వైద్యుడు, ఉపాధ్యాయుడు తమకు తెలిసిన సంగతులు చెబుతారు. బిడ్డ తరఫున న్యాయవాది ఉండవచ్చు. బంధువులు ప్రశ్నలు అడుగుతారు. ఈ దశలో అధికారులు సమాచారం చెప్పవలెనే గాని పరిష్కారం చెప్పరాదు.

ఏకాంత చర్చ. సమాచారం చెప్పిన తరువాత అధికారులు, వృత్తి నిపుణులు అందరూ బయటకు వెళతారు. కుటుంబం కోరితే తప్ప వారు లోపల ఉండే హక్కు లేదు. సమన్వయకర్త కూడా వెళ్ళిపోతాడు. గదిలో బంధువులు మాత్రమే మిగులుతారు. ఇది అరగంట కావచ్చు, పొద్దుపోయే దాకా సాగవచ్చు. పాత కలహాలు బయటపడవచ్చు, కన్నీళ్ళు రావచ్చు. అధికారి ఎదుట ఎన్నడూ చెప్పని నిజాలు ఇక్కడ చెప్పుకొనే అవకాశం ఉన్నది. బిడ్డను ఎవరు చూసుకోగలరో, ఎవరి మాట నమ్మరాదో బంధువులకే బాగా తెలుసునన్న నమ్మకం ఈ దశకు ఆధారం.

ఒప్పందం. చర్చ ముగిసిన పిమ్మట కుటుంబం తన ప్రణాళికను వినిపిస్తుంది. బిడ్డ ఎవరి వద్ద ఉండాలి, తల్లిదండ్రులు ఏమి చేయాలి, ప్రభుత్వం ఏ సహాయం ఇవ్వాలి, తిరిగి ఎప్పుడు సమీక్షించాలి అనేవి అందులో ఉంటాయి. విషయాన్ని నివేదించిన అధికారి దీనికి అంగీకరించాలి. అంగీకారం కుదరకపోతే వ్యవహారం కుటుంబ న్యాయస్థానానికి వెళుతుంది.

విధానాన్ని అర్థం చేసుకొనుటకు ఒక ఊహా ఉదాహరణ: ఆరేళ్ళ పాప తరచు బడికి రావడం లేదు. వచ్చిన రోజులలో ఆకలితో ఉంటున్నది. తల్లి మద్యానికి అలవాటు పడినది, తండ్రి వేరే ఊరిలో ఉన్నాడు. పాత పద్ధతిలో పాపను తెలియని ఇంటిలో ఉంచేవారు. సమావేశంలో మాత్రం పాప పెద్దమ్మ తన ఇంట ఉంచుకొంటానంటుంది. ఆమె ఇంటిలో మంచం, పడక లేవు, వాటి ఖర్చును ప్రభుత్వం భరిస్తుంది. తాత రోజూ బడికి తీసుకొని వెళతాడు. తల్లి చికిత్సకు వెళుతుంది, వారానికి రెండుమార్లు తాత సమక్షంలో పాపను చూస్తుంది. మూడు నెలల తరువాత అందరూ మళ్ళీ కలుస్తారు. ఇందులో ఏ ఒక్క అంశమూ గొప్పది కాదు. కానీ పాప బడి మారలేదు, భాష మారలేదు, తనవారు తన చుట్టూ ఉన్నారు.

నేరారోపణ ఎదుర్కొనే పిల్లలు

1989 చట్టం ఈ పద్ధతినే నేరం చేసిన కిశోరులకు కూడా వర్తింపజేసినది. హత్య వంటి కొన్ని నేరాలు దీని పరిధిలోకి రావు. ఈ సమావేశానికి నేరం వలన నష్టపోయిన వ్యక్తి కూడా రావచ్చు. తన బాధను స్వయంగా చెప్పవచ్చు. నష్టాన్ని ఎలా పూడ్చాలో అందరూ కలిసి నిర్ణయిస్తారు. క్షమాపణ, పరిహారం, సమాజసేవ వంటివి ప్రణాళికలో ఉంటాయి. పునరుద్ధరణ న్యాయం అనే భావనకు ప్రపంచంలో తొలి చట్టబద్ధ ఉదాహరణలలో ఇది ఒకటిగా పేరు పొందినది. ఈ యువజన న్యాయ వ్యవస్థ మొదట 17 ఏళ్ళ లోపువారికి ఉండేది. 2019 జూలై నుండి 17 ఏళ్ళవారిలో అధికశాతానికి కూడా వర్తించినది.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియాలో దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 1993లో బాలనేరస్థుల చట్టం ద్వారా కుటుంబ సమావేశాలను ప్రవేశపెట్టినది. బ్రిటన్‌కు ఈ విధానం 1990వ దశకం ఆరంభంలో ఫ్యామిలీ రైట్స్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా చేరినది. 2024 డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటులో ప్రవేశపెట్టిన బాలల శ్రేయస్సు, పాఠశాలల బిల్లులో, పిల్లల విషయమై కోర్టుకు వెళ్ళే ముందు కుటుంబానికి ఇటువంటి సమావేశం అవకాశం ఇవ్వాలన్న నిబంధన చేర్చారు.

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్ రాష్ట్రంలో గేల్ బర్‌ఫర్డ్, జోన్ పెన్నెల్ అనే ఆచార్యులు 1990వ దశకంలో మూడు ప్రాంతాలలో దీనిని ప్రయోగించారు. అందులో ఒకటి ఇన్యూట్ ప్రజల గ్రామమైన నెయిన్. గృహహింస ఉన్న కుటుంబాలలో ఇది పనిచేయదని చాలామంది అనుకొన్నారు. కానీ పాల్గొన్న 32 కుటుంబాలలో పిల్లలపై, స్త్రీలపై దౌర్జన్య సూచనలు సుమారు సగానికి తగ్గినట్లు వారు గుర్తించారు.

అమెరికాలో 2008లో వచ్చిన ఫాస్టరింగ్ కనెక్షన్స్ చట్టం, బిడ్డను ఇంటి నుండి తొలగించిన 30 రోజులలోగా దగ్గర బంధువులకు తెలియజేయాలని ఆదేశించినది. కుటుంబ సమావేశాల కార్యక్రమాలకు నిధులు కేటాయించినది. నెదర్లాండ్స్‌లో 2015 నుండి అమలైన యువజన చట్టం, ముందుగా తమ ప్రణాళికను తామే తయారు చేసుకొనే అవకాశాన్ని కుటుంబాలకు కల్పించినది.

ఫలితాలపై పరిశోధనలు

కుటుంబాలు సమావేశాలకు వస్తాయా, ప్రణాళిక చేయగలవా అనే ప్రశ్నకు అనుకూలమైన సమాధానమే లభించినది. బంధువులు వస్తారు, అత్యధిక సందర్భాలలో అధికారులు అంగీకరించదగిన ప్రణాళికనే ఇస్తారు. అయితే బిడ్డ భద్రత మెరుగైనదా అనే ప్రశ్నపై ఫలితాలు భిన్నంగా ఉన్నాయి.

స్వీడన్‌లో సుండెల్, విన్నెర్‌యుంగ్ అనే పరిశోధకులు సమావేశాలు జరిగిన 97 మంది పిల్లలను, సాధారణ పద్ధతిలో విచారణ జరిగిన 142 మంది పిల్లలతో మూడు సంవత్సరాల పాటు పోల్చి చూశారు. 2004లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సమావేశం జరిగిన పిల్లల గురించే ఎక్కువసార్లు తిరిగి ఫిర్యాదులు వచ్చినవి. ఆ ఫిర్యాదులలో బంధువులు చేసినవి ఎక్కువ. దీనిని విధానం వైఫల్యంగా చూడవచ్చు, బంధువులు అప్రమత్తమైనారనీ చూడవచ్చు. 2016లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటి అధ్యయనాలన్నింటినీ కలిపి విశ్లేషించి, మామూలు పద్ధతి కంటే ఇది స్పష్టంగా మెరుగని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చారు.

ఇంగ్లాండులో 2023లో వెలువడిన ఒక పెద్ద యాదృచ్ఛిక నియంత్రిత అధ్యయనం దీనికి భిన్నమైనది. కోర్టు మెట్లు ఎక్కడానికి సిద్ధంగా ఉన్న కుటుంబాలలో కొందరిని సమావేశానికి పంపి, మరికొందరిని పంపలేదు. ఒక సంవత్సరం తరువాత సమావేశానికి పంపిన కుటుంబాలలో సుమారు 36 శాతం పిల్లలు ప్రభుత్వ సంరక్షణలో ఉండగా, పంపని కుటుంబాలలో అది సుమారు 45 శాతం.

విమర్శలు, వివాదాలు

ఈ విధానంపై రెండు రకాల విమర్శలు ఉన్నాయి. అవి పరస్పర విరుద్ధమైనవి.

మొదటిది: ఇది కుటుంబాన్ని అతిగా నమ్ముతుంది. ఇంటిలో హింస చేసే వ్యక్తే సభలో పెద్దరికం వహిస్తే, తల్లి గానీ బిడ్డ గానీ నోరు విప్పలేరు. పరువు కోసం బంధువులు నిజాన్ని దాచవచ్చు. ఏకాంత చర్చకు బయటివారు సాక్షులు కారు కనుక ఈ భయం సహేతుకమైనదే. సన్నాహ దశలో బాధితులతో విడిగా మాట్లాడడం, వారికి తోడుగా ఒక నమ్మకస్థుని కూర్చోబెట్టడం, ప్రణాళికకు అధికారి అంగీకారం తప్పనిసరి చేయడం దీనికి విరుగుడుగా భావించబడుతున్నవి.

రెండవది: ప్రభుత్వం కుటుంబాన్ని చట్టం చెప్పినంతగా నమ్మలేదు. న్యూజీలాండ్‌లోనే ఈ విమర్శ బలంగా వినిపించినది. సమన్వయకర్తలకు పనిభారం పెరిగి సన్నాహం కుదించుకొని పోయినది. ముందుగానే అధికారులు నిర్ణయం చేసుకొని సంతకాల కోసం సమావేశం పెడుతున్నారని కుటుంబాలు ఆరోపించినవి. 2019 మే నెలలో హేస్టింగ్స్ పట్టణంలో ఒక ఆసుపత్రి నుండి మావోరీ పసికందును తల్లి వద్ద నుండి తీసుకొని వెళ్ళేందుకు అధికారులు చేసిన ప్రయత్నం వీడియో రూపంలో బయటపడి దేశమంతటా ఆగ్రహం రేపినది. 2020లో అంబుడ్స్‌మన్ నివేదిక, పసికందుల విషయంలో కుటుంబానికి ముందుగా తెలుపకుండా కోర్టు ఉత్తర్వులు కోరడం మామూలు అలవాటుగా మారినదని, కుటుంబాలను తగినంతగా భాగస్వాములను చేయలేదని పేర్కొన్నది. 2021లో వైతాంగి ట్రిబ్యునల్, మావోరీలతో 1840లో చేసుకొన్న ఒడంబడికను ప్రభుత్వం ఉల్లంఘించినదని తీర్పు చెప్పినది. ఆ కాలంలో ప్రభుత్వ సంరక్షణలోని పిల్లలలో సుమారు మూడింట రెండు వంతులు మావోరీలే.

2024 జూలైలో రాయల్ కమిషన్ తుది నివేదిక వెలువడినది. 1950 నుండి 2019 వరకు ప్రభుత్వ, మతసంస్థల సంరక్షణలో ఉన్న సుమారు 6,55,000 మందిలో 2,00,000 మంది వరకు హింసకు గురై ఉండవచ్చునని అంచనా వేసినది. అదే సంవత్సరం నవంబరులో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. కుటుంబం కంటే ప్రభుత్వ గృహమే బిడ్డకు సురక్షితమన్న పాత విశ్వాసం ఎంత పొరపాటో ఈ నివేదిక తెలుపుతుంది. ఒడంబడిక ప్రకారం మావోరీ పిల్లల పట్ల సంక్షేమ శాఖకు ప్రత్యేక బాధ్యతలు విధిస్తూ 2019లో అమలైన 7ఏఏ సెక్షన్‌ను 2025లో పార్లమెంటు రద్దు చేసినది. కుటుంబ సమావేశాల విధానం మాత్రం చట్టంలో కొనసాగినది.

ఈ రెండు విమర్శలను కలిపి చూచినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. సమావేశం అనే పేరు ఉన్నంత మాత్రాన కుటుంబానికి అధికారం రాదు. అధికారులు నిజంగా గది విడిచి వెళ్ళారా, బంధువులను వెదకడానికి సమయం వెచ్చించారా, ప్రణాళికకు అవసరమైన డబ్బు ఇచ్చారా, తరువాత తిరిగి చూశారా అనే వాటిపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

భారతదేశం, తెలుగువారు

భారతదేశంలో బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం 2015 ఈ భావనలలో కొన్నింటిని సూత్రాలుగా స్వీకరించినది. బిడ్డ సంరక్షణలో మొదటి బాధ్యత కుటుంబానిదేనని, బిడ్డను వసతిగృహంలో ఉంచడం చిట్టచివరి మార్గమని, తనకు సంబంధించిన నిర్ణయంలో బిడ్డ అభిప్రాయం వినాలని మూడవ సెక్షన్ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాలలో బాలల సంక్షేమ కమిటీలు ఈ చట్టం ప్రకారమే పనిచేస్తాయి. కమిటీలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో కనీసం ఒకరు మహిళ. బిడ్డ కుటుంబ పరిస్థితులపై 15 రోజులలో సామాజిక దర్యాప్తు నివేదిక తెప్పించుకొని కమిటీ ఉత్తర్వు ఇస్తుంది. బిడ్డ ఇంటివద్దనే లేదా బంధువుల వద్ద పెరగడానికి తోడ్పడేందుకు మిషన్ వాత్సల్య పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 4,000 రూపాయల ఆర్థిక సహాయం నిర్ణయించబడినది.

అయితే బంధువులు ఏకాంతంగా చర్చించి ప్రణాళిక తయారుచేసే సమావేశం భారతీయ చట్టంలో తప్పనిసరి కాదు. నిర్ణయం కమిటీదే. పల్లెలలో పెద్దమనుషుల పంచాయితీ అనే అలవాటు తెలుగువారికి పాతదే కాని, దానిని కుటుంబ సమూహ సమావేశంతో సమానంగా భావించరాదు. పంచాయితీలో ఊరి పెద్దలు తీర్పు చెబుతారు, అది సాధారణంగా పెద్దల తగాదాకు సంబంధించినది. కుటుంబ సమావేశంలో తీర్పరి లేడు, చర్చ మొత్తం బిడ్డ చుట్టూ తిరుగుతుంది, నిర్ణయానికి చట్టం అండ ఉంటుంది.

న్యూజీలాండ్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు కూడా అక్కడి చట్టం వర్తిస్తుంది. వలస కుటుంబాలకు అక్కడ బంధువులు తక్కువ. రాలేని బంధువుల అభిప్రాయాన్ని సభలో వినిపించాలన్న నిబంధన ఇటువంటి వారికి ఉపయోగకరమైనది. గుంటూరులోనో, కరీంనగరులోనో ఉన్న అమ్మమ్మ మాట కూడా ఆ విధంగా ఆ గదిలోకి చేరగలదు.

ఇవి కూడా చూడండి

* బాలల హక్కులు
* బాలల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక
* బాలల న్యాయ చట్టం 2015
* పునరుద్ధరణ న్యాయం
* మావోరీ ప్రజలు
* న్యూజీలాండ్